యాభై ఎనిమిది కిలోల సీటు

రోజు 1. బరువు 67.4

గవరయ్య గారు తూకం మీద అంకె చూసి, పైకి చదవకుండా, పక్కకు తిరిగి కిటికీ అద్దం తుడవడం మొదలుపెట్టారు. మర్యాదస్తుడు. మెట్టకొండ వైద్యకేంద్రానికి ఆయన పెద్ద, నేను నర్సుని. పదిహేడేళ్ల క్రితం నేను ఇక్కడ చేరిన రోజున ఇదే తూకం యాభై రెండు చూపించింది.

"తూనీగ ఎత్తగలిగేది డెబ్బై కిలోలు," అన్నారు అద్దంతో మాట్లాడుతున్నట్టు. "మందులపెట్టె పన్నెండు. మనిషికి మిగిలేది యాభై ఎనిమిది. సీటు కిందున్న తూకం ఒప్పుకోకపోతే మోటారు తిరగదు. మీకు నేను చెప్పేదేముంది నూకరత్నం గారూ."

చెప్పేదేమీ లేదు. ఒక్క మనిషి పట్టే ఆ ఎగిరే యంత్రం సీట్లో పదిహేడేళ్లు కూర్చున్నదాన్ని. సముద్రం కొండల నడుముదాకా వచ్చాక మిగిలిన ఏడు ఊళ్లకూ సూదులూ మందులూ మోసుకెళ్లింది నేను. ఆ ఊళ్లలో రెండు వందల పదకొండు కాన్పులు చేసింది నేను. ఆరు నెలల క్రితం బోడికొండ దగ్గర దిగేటప్పుడు కాలు జారి మోకాలు విరిగింది. మంచానికి అతుక్కుపోయి, మా ఆయన చేతివంట తిని, ఇలా తయారయ్యాను.

ఈ ఆరు నెలలూ తూనీగను హైమ నడుపుతోంది. ఇరవయ్యారేళ్ల పిల్ల. నేను నేర్పిన పిల్ల. బరువు యాభై నాలుగు.

"నూట ఇరవై రోజులు గడువిస్తాను," అన్నారు గవరయ్య గారు. "యాభై ఎనిమిదికి వస్తే సీటు మీదే. రాకపోతే హైమ పేరు ఖాయం చేస్తాను. మనకున్నది ఒక్క సీటు." ఈ పుస్తకం నా చేతిలో పెట్టి రోజూ బరువూ తిండీ కసరత్తూ రాయమన్నారు.

బయటికి రాగానే హైమ ఎదురొచ్చింది. "అప్పా, మోకాలెలాగుంది?" అని సొంత అక్కని అడిగినట్టు అడిగి చెయ్యి పట్టుకుంది. దాని మెడలో నా పాత కళ్లద్దాలు వేలాడుతున్నాయి, ఎగిరేటప్పుడు పెట్టుకునేవి. తాడు తన తలకి సరిపడా బిగించి కట్టుకుంది.

బాగానే ఉందన్నాను.

రోజు 4. బరువు 66.1

మూడు రోజులుగా పొద్దున గంజి, సాయంత్రం గంజి. కసరత్తు లేదు, దానికి ఓపిక లేదు.

మా ఆయన సూరిబాబు ఊరి వంటశాలలో పెద్ద వంటవాడు. రెండు వందల మందికి వండుతాడు. తన చేత్తో పెట్టింది ఎవరైనా వదిలేస్తే ఆ రోజంతా మాట్లాడడు.

"ఏటిది రత్నం? పిట్టకి పెట్టినట్టు పెట్టుకున్నావు."

"తగ్గాలి మావా."

"తగ్గడమంటే తినడం మానీడమేటి? అలాగైతే అందరికన్నా సన్నంగా ఉండాల్సింది నాను. వండుతూ వండుతూ తినడమే మర్చిపోతాను." అని బొజ్జ తడుముకుని తనే నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ టైములోనే తూనీగ మా ఇంటి మీదుగా వెళ్లింది. మోటారు చప్పుడు వింటే ఎవరు నడుపుతున్నారో చెప్పగలను. నేను మలుపు దగ్గర వేగం తగ్గించేదాన్ని. హైమ తగ్గించదు.

రోజు 9. బరువు 64.6

దాదాపు మూడు కిలోలు. అద్దంలో బుగ్గలు లోపలికి పోయినట్టున్నాయి. చాలా సంతోషంగా ఉండాల్సిన రోజు.

మధ్యాహ్నం వైర్‌లెస్‌లో బోడికొండ నుంచి కబురు. పోయిన నెల హైమ పురుడు పోసిన పాపకి పేరు పెట్టారట. హైమావతి. గవరయ్య గారు అది చదివి వినిపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

రెండు వందల పదకొండు మంది. ఒక్కరంటే ఒక్కరు నా పేరు పెట్టుకోలేదు. నూకరత్నం అని ఎవరు పెట్టుకుంటారు, నిజమే. కానీ అడిగి చూడొచ్చు కదా.

రోజు 13. తూకం చూడలేదు

మందుల గదిలో కళ్లు తిరిగి పడ్డాను. లేచేసరికి నా తల హైమ ఒడిలో ఉంది. ఉప్పూ బెల్లం కలిపిన నీళ్లు చెంచాతో పోస్తోంది.

"ఏం తిన్నావప్పా పొద్దున్న?"

వంటశాల నుంచి చేపల పులుసు తెప్పించింది. గిన్నె మూత తీయగానే ముక్కు మూసుకుని దూరంగా జరిగింది. చేపంటే పడి చచ్చే పిల్ల. ఒంటి మీద దానికున్న అదుపు నాకు చూపించడానికి కాకపోతే మరెందుకు? నేను మాత్రం గిన్నె అడుగు కనిపించేదాకా తిన్నాను.

రోజు 21. బరువు 66.3

పోయినదాంట్లో ఎక్కువభాగం తిరిగొచ్చింది. వారం రోజులుగా కనిపించిందల్లా తింటున్నాను. ఆకలి అంత కసిగా ఉంటుందని నాకు తెలియదు.

రోజు 29. బరువు 66.0

పడవలరేవు నుంచి కేంద్రానికి ఆరు వందల నలభై మెట్లు. వారం నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కుతున్నాను. మొదటి నాలుగు రోజులు బరువు తగ్గింది. తర్వాత ఆగిపోయింది. మోకాలు గుమ్మడికాయలా వాచింది.

ఈవేళ సగం మెట్ల దగ్గర కూర్చుని కాలు నొక్కుకుంటుంటే హైమ పైనుంచి దిగుతూ కనిపించింది. భుజాన పెట్టె ఉన్నా ఒక మెట్టు వదిలి ఒక మెట్టు మీద అడుగేస్తూ వస్తోంది. నన్ను చూసి మామూలు నడకలోకి మారింది. జాలిపడింది. పరుగెత్తుకుంటూ పోయినా ఇంత బాధ ఉండేది కాదు.

రోజు 34. బరువు 65.8

హైమ మా ఇంటికొచ్చింది. కాగితం తెచ్చింది. చేతిరాతతో వారం రోజుల పట్టిక.

"ఒకే పని రోజూ చేస్తే ఒంటికి అలవాటైపోద్దప్పా. ఇంక కరగనంటాది. మార్చి మార్చి చెయ్యాల. ఒకరోజు మెట్లు, అదీ సగమే. మర్నాడు రేవులో పడవెక్కి తెడ్డు వెయ్యి, మోకాలికి బరువుండదు. ఆ మర్నాడు వంటశాల దగ్గర చోళ్ల సంచులెత్తు. ఒకరోజు ఈత. ఒకరోజు ఊరికే ఒళ్లు సాగదియ్యి. తిండి మానకు, మార్చు. అన్నం సగం చేసి ఉలవలు, ఆకుకూర, చేప ఎక్కువ తిను."

"నువ్వు ఇవన్నీ చేస్తావా?"

"నానూ ఇలాగే చేస్తన్నాను, రెండేళ్లబట్టి."

మా ఆయన కాగితం లాక్కుని చదివి, "ఇది బాగుంది. ఉలవలు నాను చూసుకుంటాను," అన్నాడు.

నేను కాగితం తిరిగిచ్చేశాను. నా పద్ధతి నాకుందన్నాను. హైమ మొహం చిన్నబోయింది. ఆమె వెళ్లాక మా ఆయన గుమ్మం వైపు చూపించి అడిగాడు.

"ఆ గుంట నీకేటి అన్యాయం చేసింది?"

ఏ అన్యాయమూ చెయ్యలేదు. అదే ఇబ్బంది. చేసి ఉంటే తిట్టుకునేదాన్ని.

రోజు 41. బరువు 65.1

పట్టిక తిరిగిచ్చాను కానీ కంఠతా వచ్చేసింది. దొంగచాటుగా చేస్తున్నాను. హైమ తూనీగలో వెళ్లిందని చప్పుడు విని నిర్ధారించుకున్నాకే రేవుకి దిగుతాను.

తెడ్డు మొదటిరోజు అరచేతులు బొబ్బలెక్కించింది. మూడోసారికి భుజాలకి లయ దొరికింది. పడవ కింద పాత ఊళ్ల మిద్దెలు, నీటిట్యాంకులు, తెగిన కరెంటు తీగలు కనిపిస్తాయి. మోటారు పడవలు వాటిలో చిక్కుకుంటాయని ఇక్కడ తెడ్డు పడవలే. తెడ్డుతో వెళ్తే దగ్గరున్న నల్లదిబ్బకే ఐదు గంటలు. చల్లగా ఉంచాల్సిన మందులు ఈలోగా పాడైపోతాయి. అందుకే తూనీగ.

మా ఆయన నాకు విడిగా వండుతున్నాడు. పొద్దున్న చోడి (రాగి) అంబలిలో మజ్జిగ. మధ్యాహ్నం గుప్పెడన్నం, గిన్నెడు తోటకూర, చేప ముక్క. సాయంత్రం మొలకెత్తిన పెసలు. ఆకలి ఉంది, కసి లేదు.

రోజు 52. బరువు 63.2

సంచులెత్తే రోజు. ఇరవై కిలోల చోళ్ల సంచి నేల మీంచి బల్ల మీదకి పన్నెండు సార్లు. వంటశాలలో ఆడవాళ్లు లెక్కపెట్టి అరిచారు. మోకాలి వాపు పోయింది. మెట్లెక్కేటప్పుడు మాట్లాడగలుగుతున్నాను.

మంచి వార్త ఇంకొకటి. హైమ సంచులెత్తడం మానేసింది. మెట్లు కూడా మెల్లగా ఎక్కుతోంది. గోడ మీద అతికించే తూకం కాగితంలో చూశాను: పోయిన నెల 54.3, ఈ నెల 55.6. సీటు దొరికిందన్న ధీమా. బద్ధకం మొదలైందన్నమాట.

రాయకూడదు గానీ రాస్తున్నాను. ఆ అంకె చూసి నాకు ప్రాణానికి హాయిగా అనిపించింది.

రోజు 58. బరువు 62.6

మా ఆయన చేత బెల్లం గవ్వలు చేయించాను. ఆయన ఆశ్చర్యపోయాడు. నాకు కాదు, హైమకన్నాను. మొహం వెలిగిపోయింది. "ఇప్పుడు మనిషిలాగున్నావు," అన్నాడు.

డబ్బా నిండా పట్టుకెళ్లి ఇచ్చాను. హైమ అక్కడే నిలబడి తినడం మొదలుపెట్టింది. ఆగకుండా, ఒకటి నములుతూనే ఇంకొకటి అందుకుంటూ. దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"చాలా బాగున్నాయప్పా."

"రోజూ తెస్తాను," అన్నాను.

రోజు 70. బరువు 61.2

గవ్వలు, కజ్జికాయలు, నువ్వుండలు. పన్నెండు రోజులుగా ఒక్క సాయంత్రం తప్పలేదు. వాటిని నేను ఒక్కటి కూడా నోట్లో వేసుకోలేదు. నాకు ఇంత నిగ్రహం ఉందని నాకే తెలియదు.

హైమ 57.1. తొమ్మిది వందల గ్రాములు పెరిగితే మోటారు తిరగదు.

దాని భర్త కూర్మారావు నీళ్లలో మునిగిన ఊళ్ల నుంచి ఇనుము తీసే తెప్ప మీద పనిచేస్తాడు. వెళ్లి మూడు నెలలైంది. ఒక్కతే ఉంటుంది కదా, తిండి మీద పడిందని అనుకున్నాను.

రోజు 76. బరువు 60.5

వచ్చే నెల తూకం పడేలోపు హైమ జాగ్రత్తపడుతుందేమోనని భయం పట్టుకుంది. నెలకొకసారి చూస్తే ఏం తెలుస్తుంది? ముందురోజు పస్తుంటే సరి.

గవరయ్య గారి దగ్గరికెళ్లాను. "హైమ బరువు పెరుగుతోందండీ. గాల్లో ఉండగా ఏమైనా అయితే మాట మీకొస్తుంది. రోజూ పొద్దున్నే తూకం వేస్తే మంచిది. యాభై ఏడు దాటితే ఆ రోజుకి ఆపేయండి, ఒక కిలో తేడా చేతిలో ఉంచుకోండి," అన్నాను. ఆమె క్షేమం కోరుతున్నట్టే మాట్లాడాను. గొంతు కూడా అలాగే వచ్చింది.

ఆయన ఆలోచించి, "నిజమే. అనుభవమున్నవారు," అన్నారు.

రోజు 84. బరువు 59.9

అరవై లోపుకి వచ్చాను! మా ఆయన పనసకాయ కూర చేసి చిన్న పండగ చేశాడు.

కానీ హైమ సంగతి అర్థం కావడం లేదు. రోజు తూకం మొదలయ్యాక 57.1 నుంచి 56.9, 56.7, 56.6. నా మిఠాయిలు తింటూనే తగ్గుతోంది. ఏదో కిటుకు ఉంది. పొద్దున్న తూనీగ దిగే చోట గట్టు పక్కకి ఒంగి వాంతి చేసుకోవడం చూశాను. సన్నగా ఉండటం కోసం కక్కుకునేవాళ్ల గురించి విన్నాను. సీటు కోసం అంతకు దిగజారిందా అని మనసులో ఛీత్కరించుకున్నాను.

(ఈ వాక్యం తర్వాత చేర్చాను: సీటు కోసం పస్తులుండి కళ్లు తిరిగి పడ్డదాన్ని నేనేనని ఆ రోజు ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు తట్టలేదు.)

రోజు 90. బరువు 59.2

ఈత రోజు. రేవు చుట్టూ రెండుసార్లు. నలభై మూడేళ్ల ఒంటికి ఇంత సత్తువ ఉంటుందా? ఇరవై ఏళ్లప్పుడు కూడా లేదు నాకు.

ఇంకా ముప్పై రోజులున్నాయి. కిలో రెండు వందలు.

రోజు 97. బరువు చూడలేదు

పొద్దున్న తొమ్మిదింటికి నల్లదిబ్బ నుంచి వైర్‌లెస్. మాట్లాడుతున్నది ఆ ఊరి పెద్ద.

"మీ పిల్ల తూనీగ దించి రెండడుగులేసి పడిపోనాదండి. తెలివొచ్చింది గానీ, రక్తం పోతంది. నడుం చుట్టూ గుడ్డ ఇంత బిగించి కట్టీసుకుంది. మా ఆడోళ్లు ఇప్పి చూసినారు. ఆ పిల్ల కడుపుతో ఉందండి."

గవరయ్య గారు నా వైపు చూశారు. చేపల పులుసు గిన్నె ముందు మూసుకున్న ముక్కు. మానేసిన సంచులు. గట్టు పక్కన వాంతి. ఏడ్చుకుంటూ తిన్న గవ్వలు. బోడికొండ చివర్న ఎవరో కొత్త కోడలు గుమ్మం దాటుతుంటే నడక చూసి నెల చెప్పేదాన్ని నేను. మూడు నెలలుగా రోజూ నా కళ్ల ముందు తిరుగుతున్న పిల్లని చూసి తూకం అంకె ఒక్కటే చదివాను.

"తూనీగ అక్కడే ఉంది. వెళ్లడానికి ఏమీ లేదు," అన్నారు గవరయ్య గారు.

"పడవుంది."

"ఐదు గంటలు. ఈ ఆటుపోటులో..."

సెలైన్ సీసాలు, సూదులు, బిడ్డ గుండె వినే గొట్టం సంచిలో వేసుకున్నాను. మా ఆయన వంటశాల వదిలి, పొయ్యి మీద గంటె అలాగే ఉంచి వచ్చేశాడు. చుక్కాని ఆయన పట్టాడు. తెడ్లు నేను.

మొదటి గంట ఏడుస్తూ వేశాను. రెండో గంటకి ఏడుపుకి ఊపిరి మిగల్లేదు. పాత ఊరి నీటిట్యాంకు దాటాక నీళ్లు ఎదురు తిరిగాయి. పడవ ఉన్నచోటే ఉంది.

"రత్నం, నన్నెయ్యమంటావా?"

"నువ్వు చుక్కాని వదిలితే తీగల్లోకి పోతాం మావా. పట్టుకో."

నడుముతో లాగాను, అది నొప్పెడితే భుజాలతో, భుజాలు పట్టేస్తే కాళ్లు తన్నిపెట్టి. ఒక్కో పనికీ ఒక్కో భాగం సిద్ధంగా ఉంది. ఎవరి పట్టిక వల్ల సిద్ధమైందో నాకు తెలుసు. బయల్దేరిన నాలుగు గంటల పది నిమిషాలకి నల్లదిబ్బ రేవు తగిలింది.

హైమ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. నన్ను చూడగానే అన్న మొదటిమాట, "తూనీగకేం కాలేదప్పా, సరిగ్గానే దించాను."

ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టాను. సెలైన్ పెట్టాను. పొట్ట మీద గుడ్డ కట్టిన చోట ఎర్రగా వాతలు తేలి ఉన్నాయి. అయిదో నెల. గొట్టం ఆనించి విన్నాను. ఏమీ వినిపించలేదు. తెడ్లేసి వేసి నా చెవుల్లో నా గుండే మోగుతోంది. మా ఆయన్ని బయటికి పంపి, ఊపిరి బిగపట్టి, గొట్టం కొంచెం కిందకి జరిపి మళ్లీ విన్నాను.

ఉంది. గబగబా, చిన్నగా.

రోజు 99

రక్తం తగ్గింది. పూర్తిగా ఆగలేదు. హైమని లేవనివ్వడం లేదు. మా ఆయన ఈ ఊరి వంటింట్లో చేరిపోయి చోడి అంబలి, ఉలవచారు, గుడ్లు చేసి పెడుతున్నాడు. హైమ అన్నీ తింటోంది. ఎన్నాళ్ల ఆకలో.

"ఎందుకు చెప్పలేదే?" అనడిగాను.

"చెప్తే సీటు తీసీయరా? కూర్మారావు వచ్చేసరికి నా పేరు ఖాయమైపోవాలనుకున్నాను. ఆరో నెల వచ్చాక చెప్దామనుకున్నాను. ఇంతలో రోజూ తూకం పెట్టీసారు. పొద్దున్న తూకం అయ్యేదాకా పస్తే. పగలు కూడా నీళ్లే."

రోజు 101

రక్తం ఆగింది.

చెప్పేశాను. ముందు మిఠాయిల సంగతి. నీ బరువు పెరగాలనే తెచ్చానన్నాను.

"తెలుసప్పా," అని నవ్వింది హైమ. "నువ్వు ఊరికే గవ్వలు పెట్టే మనిషివేటి?"

"తెలిసి ఎందుకు తిన్నావు?"

"ఆకలేసింది."

అప్పుడు రోజువారీ తూకం పెట్టించింది కూడా నేనేనని చెప్పాను. ఈసారి నవ్వలేదు. తెలుసనీ అనలేదు. మెల్లగా గోడవైపు తిరిగింది. సాయంత్రం గుండె విందామని గొట్టం తెస్తే చెయ్యి అడ్డం పెట్టి, "బావని పిలువు," అంది. మా ఆయనకి వినడం రాదు. వచ్చి పక్కన కూర్చున్నాడంతే.

రోజు 105. బరువు 57.6

మందుల్లేక మిగతా ఆరు ఊళ్లు ఎదురుచూస్తున్నాయి. తూనీగ మెట్టకొండ చేరాలి. ఇంకెవరికీ నడపడం రాదు. ఖాళీ పెట్టె కట్టి, సీట్లో కూర్చున్నాను. పచ్చదీపం వెలిగింది. 57.6.

వంద రోజులు ఈ అంకె గురించి కలలు కన్నాను. మోటారు తిరిగింది. హైమ గుమ్మం దాకా వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడి ఉంది. మా ఆయన చెయ్యూపాడు, ఆమె ఊపలేదు. దాని మొహం మీదున్నదేంటో నాకు బాగా తెలుసు. ఇన్నాళ్లూ నా మొహం మీదున్నదే.

పైకి లేచాక గాలి చల్లగా తగిలింది. మలుపు దగ్గర వేగం తగ్గించాను.

రోజు 112. బరువు 57.4

గవరయ్య గారికి అంతా చెప్పాను, రోజు తూకం ఎందుకు అడిగానో కూడా. సీటు తీసేసినా సరేనన్నాను. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.

"తీసేస్తే ఎవరు ఎగురుతారు?" అన్నారు. ఆ జవాబు శిక్షకన్నా బరువుగా ఉంది. తర్వాత గోడ మీది తూకం కాగితం చింపేశారు. ఇకనుంచి బరువు మనిషికీ సీటుకీ మధ్యే ఉంటుందట. కడుపుతో ఉన్నవాళ్లకి సీటు ఏడాదిన్నర పాటు పోకుండా ఆగుతుందని కొత్త పద్ధతి రాశారు. అంటే హైమ తిరిగి వస్తుంది. అందులో నా సంతకం కూడా తీసుకున్నారు.

రోజు 221

హైమకి ఆడపిల్ల. రెండు కిలోల ఎనిమిది వందలు. పురుడు నేనే పోశాను, ఇంకెవరూ లేరు కనుక. నా చేతుల్లో పాప ఏడ్చినప్పుడు హైమ నా మణికట్టు పట్టుకుంది, నొప్పి పుట్టేంత గట్టిగా. నల్లదిబ్బ తర్వాత నన్ను తాకడం అదే మొదలు.

తెప్ప మీంచి తిరిగొచ్చిన కూర్మారావు పాపకి తన తల్లి పేరు పెట్టాడు.

రోజు 262. బరువు 56.9

నెల పదిరోజులు దాటాయి. హైమ నా దగ్గరికి తనంతట తనే వచ్చింది. పాప కూర్మారావు భుజాన నిద్రపోతోంది.

"అరవై ఆరున్నానప్పా. నాకు మళ్లీ తగ్గుతాదేటి?"

"తగ్గుతుంది. పాలిచ్చేదానివి, తిండి తగ్గించకు. నడకతో మొదలుపెడదాం. తర్వాత తెడ్డు, ఆ తర్వాత సంచులు."

దిగేచోటు చుట్టూ నడిపించాను. వంద అడుగులయ్యాక ఆపేశాను. "ఈ నెలంతా రోజుకి వంద చాలు," అన్నాను. సరేనని తలూపింది. నా మాట నమ్మింది.

ఇంటికొచ్చి అంబలి తాగుతూ లెక్కేశాను. దాని ఊపిరి ఏమాత్రం పెరగలేదు. మొహంలో అలసట లేదు. అయిదొందలు నడవగలదు. రోజుకి వందైతే ఏడాది పడుతుంది. ఏడాదంతా సీటు నాది.

మా ఆయన అడిగాడు, "ఎలాగుంది గుంట?" అని. బాగానే ఉందన్నాను. అంబలి సయించలేదు.

రోజు 263

తూకం చూసుకోలేదు.

పొద్దున్నే హైమ ఇంటికెళ్లి తలుపు కొట్టాను. "నిన్న తప్పు చెప్పాను. నీకింకా ఓపికుంది. అయిదొందలు నడు. వచ్చే వారం పడవెక్కుదాం," అన్నాను.

హైమ నా మొహంలోకి చూసింది. ఎందుకు తప్పు చెప్పావని అడగలేదు. చెప్పులేసుకుంది.

ఇద్దరం పక్కపక్కనే మొదలుపెట్టాం. రెండు వందల దాకా మాటలు చెప్పుకున్నాం, పాప రాత్రి పడుకోని సంగతీ, కూర్మారావు వంట సంగతీ. మూడు వందల దగ్గర ఆమె అడుగులు పెద్దవయ్యాయి. నాకు మోకాలు కొంచెం లాగింది, వెనకబడ్డాను. హైమ గమనించలేదు. చేతులు ఊపుకుంటూ, తల ఎత్తుకుని, నన్ను దాటి ముందుకెళ్లిపోయింది.

పిలవలేదు.